రెండు సిలిండర్లు, ఒక నడుము

నా నడుము సముద్రంలో పోలేదు. పోయి ఉంటే చెప్పుకోవడానికి కాస్త మర్యాదగా ఉండేది. ఇరవై ఏళ్లు అలలకి ఎదురు పడవలు తోశాను. తడిసిన వలలు లాగాను. పట్నం నుంచి వచ్చినవాళ్లని నీళ్ల కిందికి తీసుకెళ్లి చేపల్ని చూపించాను, వాళ్లు భయపడి నా మెడ పట్టుకుంటే ఆ మెడతో సహా అందర్నీ పైకి తెచ్చాను. అప్పుడెప్పుడూ ఏమీ కాలేదు. ఒకరోజు మా ఇంట్లో బీరువా వెనక మా ఆవిడ దువ్వెన పడిపోయింది. బీరువాని జానెడు జరపబోయాను. టప్‌మని చప్పుడైంది. బీరువా తలుపు అనుకున్నాను. కాదు, నేనే.

"దువ్వెన దొరికిందేటి?" అని వంటింట్లోంచి అడిగింది మా ఆవిడ.

నేను నేల మీద బోర్లా పడి ఉన్నాను. దువ్వెన సరిగ్గా నా ముక్కు ముందు ఉంది.

"దొరికింది" అన్నాను.

"మరి తెచ్చీవేటి? తల ఆరిపోతన్నాది."

మాది భోగాపురం దిగువన సముద్రం ఒడ్డు పల్లె. ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివితే పంతులుగారికి మాట వస్తుందని నేనే మానేసి పడవెక్కాను. చాలా ఏళ్లు వేట చేశాక, మా ఒడ్డున స్కూబా డైవింగ్ షాపు ఒకటి పెట్టారు. నీళ్ల అడుగున రాళ్లగుట్టలు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు కావాలన్నారు. చేపలు ఆ రాళ్ల దగ్గరే కదా ఉంటాయి. నేనూ మా బావా వెళ్లాం. బావంటే మా అక్క మొగుడు. రాళ్ల జాడ మేం ఒడ్డును చూసి చెబుతాం. ఫలానా కొండ కొస, ఫలానా తాటిచెట్టు తల ఒక వరసలోకి వస్తే కింద రాయి ఉన్నట్టు. బావ ఒకసారి కొత్తగా ఉంటుందని, ఎయిర్‌పోర్టు పనుల్లో నిలబడ్డ పొడుగాటి క్రేనును గుర్తుగా పెట్టుకున్నాడు. మర్నాడు క్రేను పక్కకి జరిగింది. ఆ రోజు వచ్చినవాళ్లు ముప్పావుగంట ఇసక చూసి పైకి తేలారు. "ఇసక మట్టుకు సముద్రం కాదేటి?" అని వాళ్లనే గదమాయించాడు బావ.

ఆయన పడవ నడుపుతాడు, నేను జనాన్ని వెంటబెట్టుకుని దిగుతాను. ఎనిమిదేళ్లు అలాగే నడిచింది, దువ్వెన పడేదాకా.

విజయనగరంలో డాక్టరు నా ఎక్స్‌రే ఫిల్ము దీపానికి ఎదురు పట్టుకుని చూశాడు. వీపు మీద బరువు మోస్తావా అని అడిగాడు. గాలి సిలిండరు, మునగడానికి కట్టుకునే సీసం, పట్టీలు అన్నీ కలిపి ఓ పాతిక కిలోలు ఉంటుందన్నాను. అది వీపున ఉండగానే నిచ్చెన ఎక్కి పడవలోకి వస్తానని కూడా చెప్పాను. ఆయన ఫిల్మును పక్కన పెట్టి నన్ను చూశాడు.

"ఈత కొట్టుకో, మంచిదే. వీపు మీద మాత్రం ఏదీ పెట్టకు."

"ఇంట్లో బీరువాలు గట్రా జరపొచ్చా సార్?" అని మా ఆవిడ ముందు అడిగాను.

"వద్దు" అన్నాడు. వైద్యంలో నాకు నచ్చిన మాట అదొక్కటే.

మా ఓనరు మంచివాడు. పనిలోంచి తీసెయ్యలేదు. కౌంటరు వెనక కుర్చీ వేసి, దాని మీద మెత్త కూడా పెట్టాడు. వచ్చినవాళ్ల చేత ఫారాల మీద సంతకాలు పెట్టించడం, తువ్వాళ్లు ఇవ్వడం, ఫోన్లు తాళం వేసి దాచడం నా పని. బడి బల్ల మీంచి పారిపోయి సముద్రంలో పడినవాణ్ని, ఇన్నేళ్లకి మళ్లీ బల్ల ముందు కూర్చోబెట్టారు. నీళ్లలోంచి వచ్చినవాళ్లు తల తుడుచుకుంటూ "అన్నా, కింద రాయి సందులో ఎంత పెద్ద చేప ఉందో తెలుసా" అని నాకు చెప్పేవాళ్లు. ఆ చేప నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు. దాని ఎడమ రెక్క చిరిగిందని తెలుసు, ఎవరైనా దగ్గరికి వస్తే ముందు తోక తిప్పి చూపిస్తుందని తెలుసు. "అవునా" అని తువ్వాలు ఇచ్చేవాణ్ని.

మూడు నెలలు అలా గడిచాక డైవింగ్ నేర్పడానికి కొత్త టీచరు వచ్చింది. విజయనగరం టౌను అమ్మాయి, నాకంటే పన్నెండేళ్లు చిన్న. అండమాన్‌లో నేర్చుకుని, అక్కడ నేర్పి, మా షాపులో చేరింది. వచ్చిన వారం రోజులూ నేను కుర్చీలో లేస్తూ కూర్చుంటూ మూలగడం విని, ఒకరోజు కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగింది.

"డాక్టరుగారు వీపు మీద వద్దన్నారు. పక్కల్లో పెట్టుకోవద్దన్నారా అన్నా?"

"పక్కలో మా ఆవిడ ఉంటాది మేడమ్. ఇంకేటి ఎడతాం?"

ఆమె నవ్వలేదు. జోకు ఆమెకి నచ్చలేదని కాదు, చెప్పాలనుకున్నది చెప్పేదాకా నవ్వని రకం. సైడ్‌మౌంట్ అని ఇంకో పద్ధతి ఉందంది. వీపున ఒక పెద్ద సిలిండరు బదులు, చెరో చంక కిందా ఒక్కో సిలిండరు. ఒంటికి పట్టీలు మాత్రం కట్టుకుని ఖాళీగా నీళ్లలోకి దూకడం. పడవలోంచి ఒక్కో సిలిండరు అందిస్తే నీళ్లలోనే తగిలించుకోవడం. నీళ్లలో వాటి బరువు తెలియదు. పైకి వచ్చాక ముందు వాటిని విప్పి పడవలోకి అందించి, తర్వాత ఉత్త చేతులతో నిచ్చెన ఎక్కడం. గుహల్లో ఈదేవాళ్ల కోసం పుట్టిందట, నడుములు పోయినవాళ్లకీ పనికొస్తుందట.

ఆ సాయంత్రమే డాక్టరుకి ఫోన్ చేసి, తర్వాత కాగితం తీసుకెళ్లి ఆయన చేత రాయించుకుని వచ్చాం. ఓనరు ఆ కాగితం చదివి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. కార్తీక మాసం వెళ్లాక మా దగ్గర నీళ్లు తేటపడతాయి, జనం వస్తారు. అప్పటిలోగా నాకు ఆ పద్ధతి వచ్చిందని మేడమ్ సంతకం పెడితే మళ్లీ దిగమన్నాడు. పెట్టకపోతే దిగడానికి వేరే మనిషిని తెచ్చుకుంటాననీ, నన్ను కౌంటర్లోనే ఉండిపొమ్మనీ అన్నాడు. ప్రేమగానే అన్నాడు, వచ్చిన చిక్కే అది. తిట్టి ఉంటే దెబ్బలాడేవాణ్ని. మెత్త వేసిన మనిషితో ఏం దెబ్బలాడతాం?

నాకు ఆ కుర్చీ వద్దు. ఎందుకని ఎవరైనా అడిగితే సరిగా చెప్పలేను. నీళ్ల కింద ఉన్నంతసేపే నా నోరు మూతపడి ఉంటుంది. అక్కడ నేను వేరే మనిషిని. ఆ మనిషి అంటే నాకు కొంచెం గౌరవం. మా ఆవిడకీ గౌరవమే, కాకపోతే ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు.

సామాను కట్టుకోవడం మా అరుగు మీద మొదలైంది. పట్టీలన్నీ బిగించి నిలబడితే బండికి కట్టిన ఎద్దులా ఉన్నాను. రెండు భుజాల వెనకనుంచి ఒక సాగే తాడు వస్తుంది. దాన్ని సిలిండరు మెడకి తగిలించాలి. సిలిండరు కింది భాగానికి కట్టిన కొక్కేన్ని తుంటి దగ్గర ఉన్న రింగుకి తగిలించాలి. తాడు వదులైతే సిలిండరు కిందికి వేలాడుతుంది, బిగువైతే చంకలో పొడుస్తుంది. ఆ కొలత ఎవరికి వారు కుదుర్చుకోవాల్సిందే. ముడులు నాకు వదిలెయ్యమన్నాను. చిన్నప్పట్నుంచీ వలలు అల్లిన చేతులు. వేశాను. ఆమె కొలత చూసి, రెండు వేళ్లు వదులు చేద్దామని ముడి విప్పబోయింది. గోళ్లతో లాగింది, పళ్లతో లాగింది.

"దీన్ని ఎలా విప్పాలన్నా?"

"ఇప్పడానికి కాదు మేడమ్ ముడి ఏసింది."

"సరిచెయ్యాలంటే మరి?"

"మా వలకాడ ముడి సరిసెయ్యరు. తడిసేకొద్దీ ఇంకా బిగుస్తాది."

కత్తితో కోసి కొత్త తాడు వేసింది. అలా నాలుగు తాళ్లు కోశాక, మా ఆవిడ కొంగున డబ్బులు కట్టుకునే ముడిని చూపించి "ఇలాంటిది వెయ్యన్నా" అంది. మా ఆవిడ ఆ రోజంతా అరుగు మీద ఠీవిగా తిరిగింది.

మా ఇళ్లలో కొత్త వలనైనా పడవనైనా పసుపు రాయకుండా నీళ్లలో దింపం. మొగుడు కొత్త సామానుతో దిగుతుంటే మా ఆవిడ ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి రెండు సిలిండర్లూ మంచం మీద ఉన్నాయి. నేను కింద చాప మీద ఉన్నాను. వాటికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడల్లో బంతిపూల దండలు వేసింది.

"నన్ను సేసుకున్నప్పుడు నాకింత సేసినావేటే?" అన్నాను.

"నువ్వు ములిగిపోతే నానేటి కాను? అవి కదా నిన్ను తేల్చాల" అంది.

షాపులో మేడమ్ ఆ దండలు మర్యాదగా తీసి, కవాటం మూతిలోంచి ఒక బంతిరేకను వేలితో బయటికి లాగింది. గాలి వచ్చే దారిలో పువ్వు పెట్టకూడదని ఇంట్లో చెప్పమంది. మూతి మూసే టోపీలు కూడా ఇచ్చింది. చెప్పాను. మా ఆవిడ మర్నాటి నుంచి టోపీ పెట్టి, దాని మీద బొట్టు పెట్టింది.

మొదటి పాఠం దగ్గర్లోని రిసార్టు ఈతకొలనులో. ఐదడుగుల నీళ్లు, అందులో బ్లీచింగ్ వాసన. ఒడ్డున బావ కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. పడవ పని లేదు కాబట్టి చూడ్డానికి వచ్చాడు. నేను ముందురోజు రాత్రి చాలా ఆలోచించి, సీసం ముక్కలు ఎక్కడ పెట్టుకోవాలో నాకు నేనే తేల్చుకున్నాను. వలకి పైతాడున తేలే బెండ్లు, కింది తాడున సీసం గుళ్లు ఉంటాయి. అదే లెక్కన భుజాల దగ్గర పట్టీలకున్న గాలిసంచీ, తొడల దగ్గర సీసం. మేడమ్‌కి చెప్పకుండా పాత వల గుళ్లు ఓ గుప్పెడు తెచ్చి కింది పట్టీలో దోపాను.

సైడ్‌మౌంట్ మనిషి నీళ్లలో చాపలా బల్లపరుపుగా పడుకుని ఉండాలి. నేను దిగి, గాలి సరిచేసుకుని, చేతులు కట్టుకుని చూశాను. మేడమ్ నా ముందు పడుకుని ఉంది. నేను ఆమె ముందు నిలబడి ఉన్నాను. ఆమె అరచేతిని అడ్డంగా చూపించింది. నేను తల ఊపాను, నిలబడే. పడుకోవాలని ఎంత తంటాలు పడినా కాళ్లు నేలనే వెతుక్కున్నాయి. పైకి వచ్చాక ముందు బావ మాట్లాడాడు.

"ఒరే బామ్మర్దీ, అలగే ఉండిపో. సాయంత్రానికి ఏవైనా సేపలు వచ్చి నీకు తగుల్కుంటాయి."

మేడమ్ నా తొడ పట్టీలోంచి ఒక్కో గుండూ తీసి గట్టు మీద వరసగా పెట్టింది. పదకొండు.

"ఇవి ఎందుకన్నా?"

"వలకి అలగే కడతాం మేడమ్."

"వల నిలబడాలి. నువ్వు పడుకోవాలి."

అది ఎంత తేలిక మాటో చూడండి. ఇరవై ఏళ్లు వలల్ని నిలబెట్టిన బుర్రకి అది తట్టలేదు. గుళ్లు తీసేసి, రెండు చిన్న సీసం ముక్కలు భుజాల మధ్య పట్టీకి పెట్టింది. ఈసారి దిగితే నీళ్లు నన్ను అరచేతుల్లో పట్టుకున్నట్టు అడ్డంగా ఉంచాయి. నడుముకి చిన్న నొప్పి కూడా లేదు. ఆ కొలనులో, ఆ బ్లీచింగ్ వాసనలో, ఇన్ని నెలల్లో మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. అద్దాల లోపల ఏడిస్తే తుడుచుకోవడానికి వీలుండదని అప్పుడే తెలిసింది.

కొలనులో వారం తిరిగేసరికి అన్నీ వచ్చేశాయి. గొట్టాలు ఏది ఎటు వెళ్లాలో, ఎదుటివాళ్లకి గాలి అయిపోతే నా పొడుగు గొట్టం ఎలా అందించాలో, కవాటం చూడకుండా చేత్తో తడిమి ఎలా మూయాలో. సముద్రంలో పరీక్ష మిగిలింది. దానికి ముందు మేడమ్ ఒకటే మాట పదేపదే చెప్పింది. రెండు సిలిండర్లకి, గాలి ఎంత మిగిలిందో చూపించే రెండు గేజీలు ఉంటాయి. ముల్లు ముప్పై తగ్గినప్పుడల్లా నోట్లో పెట్టుకున్న గొట్టం మార్చాలి. కాసేపు ఎడమది, కాసేపు కుడిది. నేను తల ఊపాను. తల ఊపడం నాకు ఏడో తరగతిలోనే బాగా వచ్చింది.

ఆ రోజు నీళ్లు మరీ తేటగా లేవు గాని రాళ్లు కనబడుతున్నాయి. చిరిగిన రెక్క చేప తోక చూపించింది. నా సంతోషం చెప్పలేను. మేడమ్ వెనకాల ఈదుతూ, రాయి చుట్టూ తిరిగి, ఆమె చెప్పిన విన్యాసాలన్నీ చేశాను. అరగంట దాటేసరికి ఏదో తేడాగా ఉంది. ఎడమ తుంటి పైకి లేస్తోంది. కుడి పక్కకి ఒరిగిపోతున్నాను, ఒక పక్కనుంచే వల లాగుతున్న పడవలాగ. కాళ్లతో సరిచేసుకుంటూ, ఏమీ జరగనట్టు మొహం పెట్టాను. మేడమ్ వెనక్కి తిరిగి చూసి, గేజీలు చూపించమంది. ఎడమది చూపించాను, ముల్లు నలభై దగ్గర ఉంది. కుడిది గర్వంగా చూపించాను. రెండు వందలు. నిండుగా, దించినప్పుడు ఎలా ఉందో అలాగే.

అద్దం లోపల ఆమె కళ్లు పెద్దవయ్యాయి. బొటనవేలు పైకి చూపించింది. పదమని, పైకి.

పడవలో ఆమె తువ్వాలు కప్పుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"కుడిది ఒక్కసారి కూడా ఎందుకు పీల్చలేదన్నా?"

"రావడానికి దాసినాను మేడమ్."

"ఏం దాచావు?"

చెప్పాను. వేటకి వెళ్లేటప్పుడు మా పడవలో తాగే నీళ్లు రెండు డబ్బాలు ఉంటాయి. మొదటిది అయిపోయేదాకా రెండోదాని మూత ముట్టుకోం. అది ఒడ్డుకి మొహం తిప్పాకే తెరవాలి. కొత్తగా పడవెక్కిన రోజుల్లో ఒకసారి దాహమేసి రెండో డబ్బా మూత తిప్పినందుకు మా నాన్న నా చెంప పగలగొట్టాడు. ఆ తర్వాత ఎప్పుడూ ముట్టలేదు. ముప్పై తగ్గగానే మార్చమని ఆమె చెప్పిన మాట చెవిలో ఉంది. చెయ్యి మాత్రం మా నాన్నది.

బావ ఇంజను ఆపి మరీ విన్నాడు. విని, మేడమ్ వైపు తిరిగాడు.

"మరి సరిగ్గానే సేసినాడు కదా మేస్టరమ్మా. దానికి కోపం దేనికి?"

ఇద్దరం ఆమెను చూశాం. మా ఇద్దరికీ అది న్యాయంగానే ఉంది. సముద్రంలో ఇన్నేళ్లు బతికింది అలా దాచుకునే కదా. మేడమ్ తువ్వాలుతో మొహం తుడుచుకుంది. ఆమెకి కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో తెలియలేదు.

"సరే. ఆ రెండో డబ్బాలో ఉన్నవి మంచినీళ్లేనని మీకెలా తెలుసు?"

"నింపినం కదా" అన్నాను.

"మూత తియ్యకుండా? రుచి చూడకుండా?"

నేను బావ వైపు చూశాను. బావ సముద్రం వైపు చూశాడు. సముద్రంలో అంతగా చూడ్డానికి ఏమీ లేదు.

"సెప్పు బావ" అన్నాను.

"ఏటి సెప్తాను?"

"డీజిలు డబ్బా ముచ్చట సెప్పు."

"నువ్వే సెప్పు. నీకు నోరు నేదేటి?"

నేనే చెప్పాను. ఒక వేసవిలో మొదటి డబ్బా అయిపోయి, పడవ తిప్పి, రెండోది తెరిచాం. గుక్క వేసుకుని, పడవలో ఉన్న ఇంకో అతనితో కలిపి ముగ్గురం ఒకేసారి ఉమ్మేశాం. డీజిలు పోసిన డబ్బాని సరిగ్గా కడక్కుండా అందులో నీళ్లు నింపారు. నింపిన మహానుభావుడు బావే. ఒడ్డు చేరేసరికి నాలుగు గంటలు పట్టింది. నాలుకలు అట్టల్లా అయిపోయాయి. ఒడ్డున మా అక్క కుండ ఎత్తి పోస్తుంటే, బావ కంటే ముందు నేను తాగానని ఆయనకి ఇప్పటికీ కోపం.

"కడిగినాను" అన్నాడు బావ. "ఆసన పోనేదు, అంతే."

మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"వెళ్లేటప్పుడే రెండో డబ్బాలోంచి ఒక్క గుక్క తాగి ఉంటే?"

"ఎనక్కి వచ్చేసి మార్చుకునేవాళ్లం" అన్నాను.

"నువ్వు ఇవాళ దాచుకున్నది మూత తియ్యని డబ్బా అన్నా. అది పనిచేస్తుందో లేదో నీకు తెలీదు. ఎడమదాంట్లో గాలి ఆగిపోయిన నిమిషాన కుడిది కూడా మొరాయిస్తే, అక్కడ కుండ ఎత్తి పొయ్యడానికి అక్క ఉండదు. రెండింట్లోంచీ పీలుస్తూ ఉంటే ఏది పాడైనా ముందే తెలుస్తుంది, రెండోదాంట్లో ఇంటికి వచ్చేంత ఎప్పుడూ ఉంటుంది. ఒక పక్క తేలికై ఒరిగిపోకుండా కూడా ఉంటావు."

అది అర్థమైంది. చెప్తే అర్థం కానిది రుచితో అర్థమైంది, నాలుక మీద డీజిలు మళ్లీ తగిలింది. అయినా ఆమె సంతకం పెట్టలేదు. అర్థం కావడం వేరు, చెయ్యికి రావడం వేరు అంది. మర్నాడు సముద్రం మీద పెద్దగాలి, దిగడానికి కుదరదు. ఆ మర్నాడు ఒక్కరోజే మిగిలింది. ఆ తర్వాత జనం వచ్చేస్తారు. షాపుకి వచ్చేసరికి ఓనరు ఫోన్లో ఎవరితోనో "అనుభవం ఎంతుంది, ఎప్పుడు రాగలవు" అంటున్నాడు. నన్ను చూసి మెల్లగా బయటికి వెళ్లి మాట్లాడాడు. అంత మంచివాడు.

ఇంటికి వచ్చి సంగతి మా ఆవిడకి చెప్పాను. ఆమె చీపురుపల్లి సంతకి ఎండుచేపలు పట్టుకెళ్లి అప్పుడే ఆటో దిగింది. కాళ్లు కడుక్కుంటూ అంతా విని, మేడమ్ కంటే ముందే నా జబ్బు పట్టేసింది.

"నువ్వు కూడు తినీదే అలగ. పప్పంతా తినీసి, సేప ముక్క కంచం అంచుకి నెట్టి ఆకరికి దాస్తావు. పెళ్లయిన కాడ్నుంచీ సూస్తన్నాను. పిల్లి వచ్చి అట్టుకుపోతే అప్పుడు ఏడుస్తావు."

ఆ పూట కంచంలో పప్పు ఒక పక్క, చేపల పులుసు ఒక పక్క వేసి ఎదురుగా కూర్చుంది. ఒక ముద్ద ఇది, ఒక ముద్ద అది. వరసగా రెండో పప్పు ముద్ద ఎత్తితే నా చేతి మీద గరిటె పడింది. మర్నాడు గాలికి ఎక్కడికీ కదల్లేదు కాబట్టి రెండు పూటలా అదే శిక్ష. టీ ఇచ్చినా రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇచ్చింది. మా అక్క వచ్చి ఈ తతంగం చూసి, బావకి చెప్పడానికి వెనక్కి పరిగెత్తింది. మూడో రోజు పొద్దున్నకి నా చెయ్యి నన్ను అడక్కుండానే అటూ ఇటూ తిరుగుతోంది.

ఆ రోజు ముగ్గురం మళ్లీ పడవెక్కాం. బావ కొండనీ తాటిచెట్టునీ రెండుసార్లు సరిచూసుకున్నాడు. నేను ఖాళీగా దూకాను. ఆయన ఒక్కో సిలిండరూ అందించాడు. నీళ్లు తగలగానే వాటి బరువు ఎటో పోయింది. మెడకి తాడు, తుంటికి కొక్కెం. ముందు ఎడమది, తర్వాత కుడిది. దిగకముందే రెండింట్లోంచీ రెండేసి గుక్కలు పీల్చాను. మేడమ్ అది చూసింది.

కింద అంతా మామూలే. ఎడమ, కుడి. పప్పు, పులుసు. మధ్యలో ఆమె నా కుడి గొట్టం వైపు వేలు చూపించి, పాడైందని సైగ చేసింది. అది పరీక్ష అని తెలుసు. కుడిది వదిలి, మెడ దగ్గర ఉన్న ఎడమది నోట్లో పెట్టుకుని, కుడి కవాటం తడిమి మూశాను. గాలి వచ్చింది. రుచి తెలిసిన గాలి. గేజీలు చూపించమంది. ఒకటి నూట ఇరవై, ఇంకొకటి నూట పది. ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి, తూకం చూసే షావుకారులా చాలాసేపు చూసింది. తర్వాత కవాటం మళ్లీ తెరిపించింది. నేను ఎటూ ఒరగలేదు.

పైకి వచ్చేముందు ఓ మూడు నిమిషాలు నీళ్ల మధ్యలో ఆగాలి. అక్కడ ఇద్దరం పక్కపక్కన పడుకుని ఆగాం. ఆమె జేబులోంచి చిన్న తెల్ల పలక, పెన్సిలు తీసింది. నీళ్లలో రాసుకోవడానికి వాళ్లకి అలాంటివి ఉంటాయి. ఏదో రాసి నా మొహం ముందు పెట్టింది.

"నడుము ఎలా ఉంది?"

ఆ మూడు మాటలూ చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. చదవడం రాక కాదు. పొద్దున్న లేవగానే మొదట పలకరించేది దాన్నే, ఇన్ని నెలలుగా. దిగి నలభై నిమిషాలైంది. అది ఉందన్న సంగతే గుర్తు రాలేదు. పెన్సిలు తీసుకుని కింద రాశాను.

"ఎవరి నడుము?"

ఆమె నవ్వింది. నీళ్ల కింద నవ్వితే బుగ్గలు లేచి అద్దంలోకి నీళ్లు వచ్చేస్తాయి. వచ్చాయి. నాకు నేర్పిన పద్ధతిలోనే ముక్కుతో ఊది నీళ్లు బయటికి పంపించేసింది. బాగానే చేసింది, నేనైతే సంతకం పెట్టేవాణ్ని.

పైకి తేలి ముందు ఎడమ సిలిండరు విప్పి పడవ అంచుకి అందించాను, తర్వాత కుడిది. బావ వంగి ఒక్కోటీ లోపలికి లాగాడు. రెండోది లాగి, నడుము పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. నేను నిచ్చెన మీద ఒక్కో మెట్టూ ఎక్కి, ఒట్టి ఒంటితో ఆయన పక్కనుంచి నడిచి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను.

"బాగుంది రా" అన్నాడు బావ వంగే. "నీ నడుం బాగుసేసీడానికి నా నడుమే దొరికిందేటి? మేస్టరమ్మా, ఆ సంతకం ఎట్టకండి. ఈడు రోజూ దిగితే ఈ బండలు రోజూ నానే కదా ఎత్తాల."

ఆమె అప్పటికే ప్లాస్టిక్ సంచీలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని సంతకం పెట్టేసింది. తడి జుట్టులోంచి ఒక చుక్క జారి పేరు మీద పడింది, సిరా కొంచెం పాకింది. ఓనరుకి కనబడుతుందో లేదో అని ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒడ్డు వచ్చేదాకా ఊదుతూ కూర్చున్నాను.